సౌండ్ మాస్కింగ్: ఆఫీసులో మాటను మరుగుపరిచే హోరు

ఆఫీసు హాల్లో నిలకడైన ఒక మెత్తని హోరును కొలత ప్రకారం నింపి, కొంచెం ఎడంగా కూర్చున్నవాళ్ల మాటలు చెవిన పడ్డా అర్థం కాకుండా చేసే పద్ధతిని సౌండ్ మాస్కింగ్ అంటారు. ఈ ధ్వని ఫాల్స్ సీలింగ్ పైనో, సీలింగ్‌లోనో బిగించిన చిన్న స్పీకర్ల నుంచి వస్తుంది. వినడానికి ఏసీ గాలి చప్పుడులా ఉంటుంది. సరిగా అమర్చినచోట అది స్పీకర్ల నుంచి వస్తోందన్న సంగతే చాలామందికి తెలియదు. దీనితో ఆశించేవి రెండు. పక్కవాళ్ల సంభాషణ వల్ల పని చేసుకునేవారి ధ్యాస చెదరకూడదు. మాట్లాడుకునేవారి విషయం మూడో మనిషికి చేరకూడదు. చప్పుడు తగ్గించమంటే ఇంకొంత చప్పుడు కలపడమేమిటన్న సందేహం ఎవరికైనా వస్తుంది. అయితే ఆఫీసులో మనిషిని విసిగించేది ధ్వని ఎంత పెద్దగా ఉందన్న దానికంటే, అందులో మాట ఎంత స్పష్టంగా ఉందన్నదే. మాస్కింగ్ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడింది.

చెవిలో జరిగేదేమిటి

పాత ప్రభుత్వ కార్యాలయంలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయిన క్షణాన్ని గమనిస్తే మాస్కింగ్ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. సీలింగ్ ఫ్యాన్లు తిరిగినంతసేపూ పక్క బల్ల దగ్గర గుమాస్తా, అర్జీదారు ఏం మాట్లాడుకుంటున్నారో ఎవరికీ తెలియదు. రెక్కలు ఆగగానే అదే గొంతు, అదే స్థాయిలో, హాలు చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. మాట పెరగలేదు. దాన్ని కప్పి ఉంచిన హోరు పోయింది.

లోపలి చెవిలోని బేసిలార్ పొర మీద ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో చోటు ఉంటుంది. ఒకే చోటును రెండు ధ్వనులు ఒకేసారి కదిలిస్తే బలహీనమైనది మరుగున పడుతుంది. అమెరికా టెలిఫోన్ పరిశ్రమలో పనిచేసిన వెగెల్, లేన్ 1924లో ఈ విషయాన్ని శుద్ధ స్వరాలతో క్రమపద్ధతిలో కొలిచారు. తక్కువ పౌనఃపున్యం గల ధ్వని ఎక్కువ పౌనఃపున్యం గలదాన్ని తేలిగ్గా కప్పుతుందనీ, తిరుగు దిశలో అంతగా కప్పదనీ తేలింది. బెల్ లేబొరేటరీస్‌లో హార్వీ ఫ్లెచర్ 1940లో ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాడు. ఒక స్వరాన్ని కప్పడానికి దాని చుట్టూ ఉన్న ఇరుకైన పట్టీలోని ధ్వనే పనికొస్తుంది. దూరపు పౌనఃపున్యాల్లో ఎంత రొద ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు. అందువల్ల మాటను కప్పాలంటే, మాట పరుచుకున్న పట్టీలన్నిటా కొంత హోరు ఉండాలి.

మాటకు బలం అచ్చులు ఇస్తాయి. ఆ బలంలో ఎక్కువ భాగం 1000 హెర్ట్జ్‌కు దిగువనే ఉంటుంది. పదాన్ని పదం నుంచి వేరుచేసే హల్లుల జాడలు ఎక్కువగా 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, పైగా అవి బలహీనంగా ఉంటాయి. పాలు, కాలు, చాలు అనే మూడింటికీ తేడా మొదటి హల్లులోనే ఉంది. ఆ చిన్న జాడ హోరులో కలిసిపోతే గొంతు వినిపిస్తుంది, అది ఎవరి గొంతో కూడా పోల్చుకోవచ్చు, అన్నదేమిటో మాత్రం అందదు. మాస్కింగ్ కోరేది సరిగ్గా ఇంతవరకే. మాటను పూర్తిగా వినిపించకుండా చేయాలంటే కావలసిన హోరు మనుషులు భరించగలిగేది కాదు.

మాట వినిపిస్తే పని ఎందుకు చెడుతుంది

1976లో కోల్, వెల్ష్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. తెర మీద కనిపించే అక్షరాల వరుసను గుర్తుపెట్టుకొమ్మని చెప్పి, వెనక నుంచి జర్మన్ భాషలో ఒక భాగాన్ని చదివి వినిపించారు. అది పట్టించుకోనక్కర్లేని ధ్వని అని ముందే చెప్పారు. అయినా వరుసలు గుర్తుపెట్టుకోవడంలో తప్పులు పెరిగాయి. 1982లో బ్రిటన్‌లో సలామే, బాడ్లీ అంకెలతో చేసిన ప్రయోగంలోనూ ఇదే జరిగింది. మాటకు బదులు నిలకడైన రొద వినిపించినప్పుడు ఆ నష్టం కనబడలేదు. చెవికి రెప్ప లేదు. క్షణక్షణం మారే ధ్వని వినిపిస్తే మెదడు దాని క్రమాన్ని తనంతట తానే అనుసరిస్తుంది. అంకెలను, వాక్యాలను మనసులో వరుసగా నిలుపుకునే పని కూడా అదే యంత్రాంగం మీద ఆధారపడుతుంది. ఈ వివరణను కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో డిలన్ జోన్స్, ఆయన సహచరులు బాగా విస్తరించారు. పరాయి భాష మాట కూడా పనిని చెరిపేది అందుకే. తెలిసిన భాష అయితే అర్థం కూడా తోడై, చదవడం రాయడం వంటి పనులకు ఇంకా అడ్డొస్తుంది.

ఫోన్ సంభాషణ విషయం మరీ తీవ్రమైనది. ఇద్దరి మధ్య సంభాషణను పూర్తిగా వినడం కంటే, ఒకవైపు మాటలే వినిపించే ఫోన్ కాల్ ధ్యాసను ఎక్కువగా లాగుతుందని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రయోగంతో చూపారు. అవతలివాళ్లు ఏమన్నారో ఊహించే పనిలో మెదడు తెలియకుండానే పడిపోతుంది. రోజంతా కాల్స్ మీద నడిచే ఆఫీసుల్లో అలసటకు ఇది పెద్ద కారణం.

మాట స్పష్టతను కొలవడానికి నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు హౌట్‌గాస్ట్, స్టీనెకెన్ 1970లలో ఒక సూచికను రూపొందించారు. దాన్ని స్పీచ్ ట్రాన్స్‌మిషన్ ఇండెక్స్, పొట్టిగా ఎస్‌టీఐ అంటారు. సున్నా అంటే ఏమీ అర్థం కాదు, 1 అంటే పూర్తిగా అర్థమవుతుంది. ఫిన్లాండ్ ధ్వనిశాస్త్రవేత్త వాల్తేరి హోంగిస్టో 2005లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగ ఫలితాలను ఒకచోట చేర్చి ఒక నమూనా ప్రతిపాదించాడు. దాని ప్రకారం ఎస్‌టీఐ 0.2 దాటాక పని దెబ్బతినడం మొదలవుతుంది, 0.6 దగ్గర నష్టం గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత మాట ఇంకెంత స్పష్టమైనా కొత్తగా పోయేది లేదు. ఆఫీసును రూపొందించేవారికి ఇందులో గట్టి హెచ్చరిక ఉంది. 0.9 నుంచి 0.7కు దించడానికి పెట్టిన డబ్బు దాదాపు వృథా. 0.5కు దిగువకు తెచ్చినప్పుడే ఫలితం కనిపిస్తుంది.

ఉద్యోగుల అభిప్రాయాలూ ఇదే చెబుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ కేంద్రం సేకరించిన సర్వే నుంచి 303 భవనాల్లోని 42,764 మంది జవాబులను కిమ్, డి డియర్ విశ్లేషించి 2013లో ప్రచురించారు. ఓపెన్ ఆఫీసుల్లో అన్నిటికన్నా ఎక్కువ అసంతృప్తి మాట గోప్యత విషయంలోనే వచ్చింది. గోడలు తీసేస్తే మనుషులు కలిసి పనిచేస్తారని ఆశించిన లాభం, ఆ నష్టాన్ని పూడ్చలేకపోయిందని వాళ్లు తేల్చారు.

గోడలు పోయిన కథ

మాస్కింగ్ చరిత్ర ఓపెన్ ఆఫీసు చరిత్రతో ముడిపడి ఉంది. 1950ల చివర పశ్చిమ జర్మనీలో ఎబర్‌హార్డ్, వోల్ఫ్‌గాంగ్ ష్నెల్లె అనే సోదరులు నడిపిన క్విక్‌బోర్నర్ బృందం, గదులు లేని విశాలమైన హాల్లో కాగితం, మాట ప్రవహించే దారిని బట్టి బల్లలు వేయాలని ప్రతిపాదించింది. అమెరికాలో హెర్మన్ మిల్లర్ సంస్థ కోసం రాబర్ట్ ప్రాప్‌స్ట్ 1964లో యాక్షన్ ఆఫీస్‌నూ, 1968లో దాని రెండో రూపాన్నీ తెచ్చాడు. ఆ రెండోదాని తెరలే తర్వాత క్యూబికల్‌గా ప్రపంచమంతా పాకాయి. పైకప్పు దాకా పోని తెర మనిషిని దాచగలదు గానీ మాటను ఆపలేదు.

ఈ సమస్యకు జవాబు అంతకుముందే గోడలున్న భవనాల్లో దొరికింది. మసాచుసెట్స్‌లో 1948లో మొదలైన బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో విలియం కావనా, ఆయన సహచరులు భవనాల్లో మాట గోప్యత మీద 1962లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. పక్కగది మాటలు వినిపిస్తున్నాయన్న ఫిర్యాదులను వాళ్లు పరిశీలిస్తే, గోడ మందం ఒక్కటే వాటిని వివరించలేకపోయింది. గోడ ఎంత ఆపుతోంది, వినేవాడి గదిలో నేపథ్య ధ్వని ఎంత ఉంది అన్న రెండూ కూడితేనే లెక్క కుదిరింది. గోడ 5 డెసిబెల్స్ ఎక్కువ ఆపినా, వినేచోట హోరు 5 డెసిబెల్స్ పెరిగినా గోప్యతకు ఒకటే ఫలితం. దీనికి కొలబద్దగా వాళ్లు వాడింది 1947లో బెల్ లేబొరేటరీస్ నుంచి ఫ్రెంచ్, స్టైన్‌బర్గ్ టెలిఫోన్ల కోసం రూపొందించిన ఆర్టిక్యులేషన్ ఇండెక్స్. ఫోన్‌లో మాట స్పష్టంగా వినిపించాలని తయారైన కొలత, మాట వినిపించకూడదనే పనికి తిరగేసి పనికొచ్చింది.

1970లలో అమెరికా ప్రభుత్వ భవనాల విభాగం ఓపెన్ ఆఫీసుల మాట గోప్యతకు కొలత విధానాలు రాయించింది. తర్వాత ఆ బాధ్యతను ఏఎస్‌టీఎం ప్రమాణాల సంస్థ అందుకుంది. ఓపెన్ ఆఫీసులో గోప్యతను కొలిచేందుకు ఇ1130, మాస్కింగ్ ధ్వనిని పరీక్షించేందుకు ఇ1573 అనే పత్రాలున్నాయి. ఆర్టిక్యులేషన్ ఇండెక్స్ 0.05 మించకపోతే అది రహస్య స్థాయి గోప్యత, 0.05 నుంచి 0.20 మధ్య ఉంటే సాధారణ గోప్యత.

ఎంత హోరు, ఎలాంటి హోరు

జనం నోట మాస్కింగ్‌కు వైట్ నాయిస్ అనే పేరు స్థిరపడింది గానీ నిజానికి ఆఫీసులో వాడేది అది కాదు. వైట్ నాయిస్‌లో ప్రతి హెర్ట్జ్‌కూ సమాన శక్తి ఉంటుంది కాబట్టి పై పౌనఃపున్యాల్లో శక్తి పోగుపడి చెవికి బుసబుసమని గుచ్చుకుంటుంది. పౌనఃపున్యం రెట్టింపయ్యే ప్రతి మెట్టులోనూ సమాన శక్తి ఉండేది పింక్ నాయిస్. అది కొంత నయం, అయినా ఎక్కువసేపు వినడానికి పదునుగానే ఉంటుంది. ఆఫీసు మాస్కింగ్‌లో పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ స్థాయి సుమారు 5 డెసిబెల్స్ చొప్పున తగ్గేలా ధ్వనిని మలుస్తారు. ఇది మాట సగటు ఆకృతికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి తక్కువ హోరుతో ఎక్కువ మాట మరుగున పడుతుంది, వినడానికీ ఇబ్బంది ఉండదు.

స్థాయి విషయంలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో బ్రాడ్లీ, గోవర్, తదితరులు చేసిన పని ఇప్పటికీ ప్రామాణికం. ఓపెన్ ఆఫీసుకు 45 డీబీఏ (చెవి వినే తీరుకు తగ్గట్టు సరిచేసిన డెసిబెల్స్) అనుకూలం, 48 దాటకూడదు. తలుపులున్న గదుల్లో 40 చుట్టుపక్కల సరిపోతుంది. ఈ పట్టీ చాలా ఇరుకు. 40కి తగ్గితే మాట బయటపడుతుంది. 48 దాటితే హోరే ఫిర్యాదుగా మారుతుంది, అంతేకాక మనుషులు గొంతు పెంచుతారు. చుట్టూ రొద పెరిగితే మాట్లాడేవాళ్లు తెలియకుండానే గట్టిగా మాట్లాడతారని ఫ్రెంచ్ వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో ప్రచురించాడు. ఆ గుణం ఆయన పేరుమీదే వ్యవహారంలో ఉంది. హోరుకు పోటీగా గొంతులు లేస్తే మాస్కింగ్ వల్ల కలిగిన లాభం అక్కడికక్కడే పోతుంది. వినికిడి ఆరోగ్యానికి మాత్రం ఈ స్థాయిల వల్ల ముప్పు లేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ రోజుకు 8 గంటలకు సూచించే పరిమితి 85 డీబీఏ.

ఒక హాలు లెక్క

ఓపెన్ ఆఫీసు ధ్వనిని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3382-3. ఇది 2012లో వచ్చింది, 2022లో సవరించారు. ఎస్‌టీఐ 0.5కు పడిపోయే దూరాన్ని ఇది ధ్యాస చెదిరే దూరంగా లెక్కిస్తుంది, 0.2కు పడిపోయే దూరాన్ని 2012 నాటి రూపం గోప్యతా దూరంగా లెక్కించింది. ఒక మనిషి మాట ఎంత దూరంలో ఉన్నవారి పనిని చెరుపుతుందో మీటర్లలో చెప్పే మొదటి సంఖ్య ఏ డెసిబెల్ పట్టికకన్నా ఎక్కువ చెబుతుంది.

ఒక హాలు తీసుకుందాం. సీలింగ్ ధ్వనిని బాగా పీల్చుకునేది, బల్లల మధ్య తెరలున్నాయి. మామూలు గొంతుతో మాట్లాడే మనిషి మాట 4 మీటర్ల దగ్గర 48 డీబీఏ ఉంది, దూరం రెట్టింపైన ప్రతిసారీ 7 డెసిబెల్స్ తగ్గుతోంది. మంచి ఆఫీసుకు సాధారణంగా చెప్పే లక్ష్యాలు ఇవే. అంటే 8 మీటర్ల దగ్గర 41, 16 మీటర్ల దగ్గర 34. ఏసీ మెత్తగా నడిచే కొత్త భవనంలో నేపథ్యం 33 డీబీఏ అనుకుంటే, 8 మీటర్ల దగ్గర మాట దానికంటే 8 డెసిబెల్స్ పైనే ఉంటుంది, 16 మీటర్ల దగ్గర కూడా ఒక డెసిబెల్ మిగిలి ఉంటుంది. మాట, హోరు సమానమయ్యే చోట ఎస్‌టీఐ ఉజ్జాయింపుగా 0.5 ఉంటుంది. ఈ లెక్కన ధ్యాస చెదిరే దూరం 17, 18 మీటర్ల మధ్య తేలుతుంది. ఒకరు ఫోన్ ఎత్తితే హాల్లో సగం మంది పని కుంటుపడుతుందన్నమాట.

అదే హాల్లో మాస్కింగ్‌తో నేపథ్యాన్ని 45 డీబీఏకు తెస్తే, 8 మీటర్ల దగ్గర మాట హోరుకు 4 డెసిబెల్స్ కింద ఉంటుంది. ధ్యాస చెదిరే దూరం 5 మీటర్ల పైచిలుకుకు కుంచించుకుపోతుంది. ఖరీదైన సీలింగ్, తెరలు రెండు సందర్భాల్లోనూ ఒకటే. తేడా అంతా 12 డెసిబెల్స్ హోరుది. మాట పట్టీలన్నిటినీ విడివిడిగా, ప్రతిధ్వనితో సహా లెక్కించే అసలు పద్ధతిలో సంఖ్యలు కొంచెం అటూ ఇటూ అయినా చిత్రం మారదు. బాగా నిశ్శబ్దంగా ఉన్న ఓపెన్ ఆఫీసులో మాట ఎక్కువ దూరం పాకుతుందన్న విషయం ఆర్కిటెక్టులు తరచు మరిచిపోతారు. తిరిగి ఇదే హాల్లో సీలింగ్ గట్టి జిప్సమ్‌దైతే, తెరలు లేకపోతే, దూరం రెట్టింపైనా మాట 3, 4 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. అప్పుడు 45 డీబీఏ హోరు కూడా చాలదు. పీల్చు, అడ్డుకో, కప్పు అనే మూడు మెట్ల సూత్రాన్ని ధ్వని నిపుణులు ఆ వరుసలోనే చెబుతారు. కప్పడం మూడోది. మొదటి రెండూ మానేసి మూడోదానితో నెట్టుకొద్దామనుకుంటే డబ్బూ పోతుంది, ఉద్యోగుల నమ్మకమూ పోతుంది.

అమరిక

వ్యవస్థలో ఉండేవి ధ్వని జనరేటర్, పట్టీల వారీగా స్థాయిని సరిచేసే ఈక్వలైజర్, యాంప్లిఫయర్, స్పీకర్లు. పాత పద్ధతిలో స్పీకర్లను ఫాల్స్ సీలింగ్ పైన, నోరు పైకి ఉండేలా వేలాడదీస్తారు. ధ్వని శ్లాబుకు తగిలి చెదిరి, సీలింగ్ పలకల గుండా కిందికి ఊరుతుంది. దీనివల్ల హోరు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. అయితే ఏసీ గ్రిల్‌లూ, లైట్ల కోసం చేసిన కంతలూ ఉన్నచోట ఎక్కువ ధ్వని కారుతుంది, పైన డక్టులున్నచోట తగ్గిపోతుంది. కొత్త పద్ధతిలో చిన్న స్పీకర్లను సీలింగ్ పలకల్లోనే కిందికి చూసేలా బిగిస్తారు. ఇవి ఎక్కువ సంఖ్యలో కావాలి గానీ హోరు హాలంతా సమంగా పరుచుకుంటుంది. పక్కపక్క స్పీకర్లకు ఒకే సంకేతం ఇస్తే నడుస్తున్న మనిషికి ధ్వని ఊగుతున్నట్టు వినిపిస్తుంది. అందుకని ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు సంకేతాలను మార్చి మార్చి ఇస్తారు.

సమంగా ఉండడమే ఇందులో అసలు నాణ్యత. ఒక బల్ల దగ్గర 47, నాలుగు అడుగులు వేస్తే 43 అన్నట్టుంటే చెవి ఆ మార్పును పట్టేస్తుంది, హోరు కృత్రిమమని తెలిసిపోతుంది. ఆర్టిక్యులేషన్ ఇండెక్స్ లెక్క 30 డెసిబెల్స్ పరిధి మీద నడుస్తుంది. కాబట్టి 3 డెసిబెల్స్ తేడా వస్తే సూచిక 0.1 మారుతుంది. సాధారణ గోప్యతకూ, గోప్యత లేకపోవడానికీ మధ్య ఉన్న దూరం దాదాపు అంతే. ఫర్నిచర్ అంతా వచ్చాక, హాలు ఖాళీగా ఉన్న రాత్రివేళ, ఏసీ నడుస్తుండగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో మైకు పెట్టి 100 నుంచి 5000 హెర్ట్జ్ దాకా పట్టీ పట్టీకీ సరిచేయాలి. చాలాచోట్ల ఈ పని ఒక సాయంత్రంలో తూతూమంత్రంగా ముగించేస్తారు. మాస్కింగ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

మనుషులు చేరిన ఆఫీసులో కొత్తగా పెడితే మొదటిరోజే పూర్తి స్థాయికి పెంచకూడదు. కొన్ని వారాల పాటు చిన్న మెట్లుగా పెంచుతూ పోతారు. ఏం పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో ఉద్యోగులకు ముందుగా చెప్పడం న్యాయం. కరెంటు పోయి వచ్చే చోట్ల దీన్ని యూపీఎస్ మీద ఉంచాలి. లేకపోతే హోరు ఒక్కసారిగా ఆగి, ఫ్యాన్లు నిలిచిన పాత ప్రభుత్వ కార్యాలయంలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది.

పాటలు, సెలయేళ్లు

నేపథ్యంలో పాటలు పెడితే సరిపోదా అన్న ప్రశ్న పాతదే. జార్జ్ ఓవెన్ స్క్వయర్ 1934లో మ్యూజాక్ పేరిట వైర్ల మీద సంగీతం అమ్మాడు. బీబీసీ 1940 జూన్‌లో కర్మాగారాల కార్మికుల కోసం 'మ్యూజిక్ వైల్ యు వర్క్' కార్యక్రమం మొదలుపెట్టింది. చేతిపని చేసేచోట సంగీతం విసుగును తగ్గిస్తుంది. కానీ సంగీతం కూడా క్షణక్షణం మారే ధ్వనే. సాహిత్యంతో కూడిన పాటైతే చదవడానికి, రాయడానికి సంభాషణలాగే అడ్డం. పైగా ఇద్దరికి నచ్చింది మూడోవాడికి నచ్చదు.

నీటి చప్పుడు విషయంలో ఫలితాలు ఆసక్తికరంగా ఉన్నాయి. ఫిన్లాండ్‌లో హాపకాంగస్ బృందం 2011లో చేసిన ప్రయోగశాల పరీక్షలో ఊట నీటి ధ్వనికి మంచి మార్కులు వచ్చాయి. దాన్ని నిజమైన ఆఫీసులో ఎక్కువకాలం పెట్టి చూసిన హోంగిస్టో బృందం 2017లో ప్రచురించిన ఫలితాల్లో మాత్రం నీటి ధ్వనులు మామూలు మలిచిన హోరును మించలేదు. పది నిమిషాలకు హాయిగా ఉన్నది పది వారాలకు అలాగే ఉండాలని లేదు. లాబీల్లో, కాఫీ మూలల్లో సెలయేటి చప్పుడు పెట్టుకోవచ్చు. రోజంతా కూర్చునే బల్లల పైన, ఎవరూ పట్టించుకోని నీరసమైన హోరే మెరుగు.

గది దాటే రహస్యం

మూసిన గదుల గోప్యతలో జనం తరచు చేసే పొరపాటు హోరును మాట్లాడేవాళ్ల గదిలో పెట్టడం. కప్పాల్సింది మాట పుట్టేచోట కాదు, వినే చెవి ఉన్నచోట. మీటింగ్ రూము రహస్యం కాపాడాలంటే స్పీకర్లు ఆ గది బయట, వరండాలో, వెయిటింగ్ హాల్లో ఉండాలి. లోపల పెడితే లోపలివాళ్లే గొంతు పెంచుతారు.

గోడ సీలింగ్ దాకా వచ్చి ఆగిపోతే మాట పైనుంచి దూకి పక్కగదిలో దిగుతుంది. తలుపు కింది సందు, ఏసీ డక్టు, గాజు పలకల మధ్య చీలిక ఒక్కొక్కటీ ఒక దారి. ముందు వాటిని మూసి, మిగిలిన కొద్దిపాటి మాటను బయటి హోరుతో కప్పడమే క్రమం. అమెరికాలో రోగి సమాచార గోప్యతకు సంబంధించిన హిపా చట్టం నోటిమాటకు కూడా సహేతుకమైన జాగ్రత్తలు కోరుతుంది. అందుకే అక్కడి క్లినిక్‌లు, మందుల షాపుల్లో మాస్కింగ్ బాగా వ్యాపించింది. న్యాయస్థానాల్లో లాయర్లు జడ్జి బల్ల దగ్గరికి వెళ్లి మెల్లగా మాట్లాడేటప్పుడు జ్యూరీకి వినబడకుండా స్పీకర్లలో హోరు వదులుతారు. రక్షణ రహస్యాలు చర్చించే గదుల్లో కిటికీ గాజుకూ, తలుపుకూ, డక్టులకూ కంపించే పరికరాలు అతికించి, బయటి నుంచి వినే ప్రయత్నాన్ని చెడగొడతారు. జపాన్‌లో టోటో సంస్థ 1988లో తెచ్చిన ఒటోహిమె అనే పరికరం మరుగుదొడ్డిలో నీటి ధ్వనిని వినిపిస్తుంది. చప్పుడు బయటికి రాకూడదని మహిళలు పదేపదే ఫ్లష్ చేయడం వల్ల వృథా అయ్యే నీరు దానితో మిగిలింది. మాట లేని గోప్యతకు కూడా మాస్కింగ్ ఎంత అవసరమో ఇది చూపుతుంది.

భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం డిజిటల్ రూపంలోని సమాచారానికే వర్తిస్తుంది. బ్యాంకు కౌంటర్లో అప్పు బాకీ గురించి, ఆస్పత్రి కౌంటర్లో జబ్బు గురించి గట్టిగా అడిగే ప్రశ్న దాని పరిధిలోకి రాదు. క్యూలో వెనక నిలబడ్డవాళ్లందరికీ ఆ ప్రశ్న వినిపిస్తుంది. ఈ చోట్ల మాస్కింగ్ అవసరం ఐటీ హాళ్లకంటే ఎక్కువే.

హైదరాబాద్ హాళ్లలో

1998లో సైబర్ టవర్స్ మొదలైన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో పెరిగిన ఆఫీసులు దాదాపు అన్నీ ఓపెన్ హాళ్లే. క్యూబికల్ తెరలు మొదట తల ఎత్తు ఉండేవి, తర్వాత భుజం దాకా దిగాయి, ఇప్పుడు పొడుగాటి బల్ల మీద తెరే లేకుండా వరుసగా కూర్చోబెడుతున్నారు. సీలింగ్ తీసేసి డక్టులు కనబడేలా నల్లరంగు వేయడం ఫ్యాషనైంది. దానితో ధ్వని పీల్చే అతి పెద్ద ఉపరితలం పోయింది. మీటింగ్ రూములన్నీ గాజువి. సాయంత్రం అమెరికా క్లయింట్లతో కాల్స్ మొదలయ్యే వేళకు, ఒకే వరుసలో నలుగురు నాలుగు కాల్స్‌లో ఉంటే ఒకరి గొంతు ఇంకొకరిని పెంచుతూ పోతుంది. పైగా ఆ సంభాషణ ఇంగ్లిష్‌లో. పుట్టుకతో రాని భాషను రొదలో అర్థం చేసుకోవడానికి మాట ఇంకా స్పష్టంగా కావాలన్నది ప్రయోగాల్లో స్థిరపడిన విషయం. కాబట్టి కాల్స్ చేసే చోట్ల మాస్కింగ్ స్థాయిని గరిష్ఠానికి తోయడం తప్పు. అక్కడ ఫోన్ బూత్‌లు, పీల్చే పలకలు ముందు రావాలి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 4954 పెద్ద పబ్లిక్ ఆఫీసులు, బ్యాంకులకు లోపలి నేపథ్య ధ్వని 45 నుంచి 50 డీబీఏ దాకా ఆమోదనీయమంటుంది. మాస్కింగ్ స్థాయి ఈ హద్దులోనే ఇముడుతుంది. హరిత భవనాల కోసం లీడ్ రేటింగ్ మాస్కింగ్ 48 డీబీఏ మించకూడదంటుంది. భవనాల్లో మనుషుల ఆరోగ్యాన్ని చూసే వెల్ ప్రమాణపు తొలి రూపం ఓపెన్ హాళ్లకు 45 నుంచి 48, గదులకు 40 నుంచి 42 డీబీఏ సూచించింది. భారతీయ హరిత భవన మండలి హైదరాబాద్ కేంద్రంగానే పనిచేస్తోంది. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం పొందిన మొదటి భవనమూ, 2004లో ప్రారంభమైన గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, ఇక్కడే ఉంది. గాలి, వెలుతురు, విద్యుత్తు ఆదా మీద పెట్టినంత శ్రద్ధ హరిత భవనాలు ధ్వని మీద పెట్టలేదని ఉద్యోగుల సర్వేలు ఎప్పటినుంచో చెబుతున్నాయి.

చేయలేనివి

పక్క కుర్చీలో ఉన్న మనిషి నుంచి మాస్కింగ్ ఎవరినీ కాపాడలేదు. మీటరు దూరంలో మామూలు మాట 57 డీబీఏ ఉంటుంది, 45 డీబీఏ హోరు దాన్ని తాకను కూడా తాకదు. బల్లలు దగ్గర దగ్గరగా ఇరికించి, ఆ రొదకు విరుగుడుగా మాస్కింగ్ పెట్టే యాజమాన్యాలు ఉద్యోగులకు అన్యాయం చేస్తున్నాయి. ఒక్కసారిగా మోగే ఫోన్లు, నవ్వులు, తలుపు దభీమనడం కూడా హోరుకు లొంగవు. శబ్దాన్ని రద్దు చేసే హెడ్‌ఫోన్లు వేరే సూత్రం మీద పనిచేస్తాయి. అవి తక్కువ పౌనఃపున్యాల నిలకడ మోతను బాగా తొలగిస్తాయి, హల్లులు ఉండే పై పట్టీలను అంతగా ఆపలేవు.

వినికిడి లోపం ఉన్నవారికి, హియరింగ్ ఎయిడ్ పెట్టుకునేవారికి మాస్కింగ్ నిజమైన ఇబ్బంది. ఇతరులకు దూరపు మాటను కప్పే హోరే వారికి ఎదుటి మనిషి మాటను కప్పుతుంది. అలాంటివారి బల్లల దగ్గర స్థాయి తగ్గించుకునే వీలు ఉండాలి. హాలును జోన్లుగా విభజించి విడివిడిగా సరిచేయగల వ్యవస్థలు అందుకు పనికొస్తాయి. 2021లో వచ్చిన ఐఎస్ఓ 22955 ప్రమాణం కూడా ఫోన్ పని, బృంద పని, ఏకాగ్రత పని చేసేచోట్లకు వేర్వేరు ధ్వని లక్ష్యాలు పెట్టుకొమ్మంటుంది.

హాల్లోని రొదను మైకులతో విని, దానికి తగ్గట్టు స్థాయిని తనంతట తానే మార్చుకునే వ్యవస్థలు కూడా ఉన్నాయి. మాట పెరిగితే హోరు, హోరు పెరిగితే మాట పెరిగే వలయంలో పడకుండా వీటి మార్పును నిమిషాల మీద, ఒకటి రెండు డెసిబెల్స్ హద్దులోనే జరిగేలా కట్టడి చేస్తారు. మనుషులు పలచబడే రాత్రి షిఫ్టుకు మాత్రం స్థాయి దించడం మీద రెండు వాదాలున్నాయి. నలుగురే ఉన్న హాల్లో హోరు ఎక్కువగా అనిపిస్తుందని కొందరు తగ్గిస్తారు. మాట అన్నిటికన్నా దూరం పాకేది ఆ నిశ్శబ్దంలోనే కాబట్టి గోప్యత ముఖ్యమైన చోట్ల తగ్గించకుండా అలాగే ఉంచుతారు.